కుళాయి కట్టమన్న డాక్టరు: డెనిస్ బర్కిట్ జీవితం



మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను డాక్టరును కాను. ముప్పైనాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళు చూసి రిటైరయినవాడిని. మందుల గురించి చెప్పే అర్హత నాకు లేదు. కాని ఒక మంచి డాక్టరు జీవితకథ చెప్పడానికి ఎవరికైనా అర్హత ఉంటుంది. అందుకని ఆ పని పెట్టుకున్నాను.

మన నెలవారీ సమావేశాలకు వచ్చేవారికి తెలుసు. డి.ఎ. బకాయిల మాట అయిపోగానే వచ్చే మాట షుగరు, ఆ తర్వాత బి.పి., ఆ తర్వాత మెడికల్ బిల్లులు. ఇది మన ఒక్కరి సంగతే కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతటా జరిపి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. రక్తపోటు ఉన్నవారు 31 కోట్ల పైచిలుకు. ఇవి ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బులు కావు. క్రిమి వల్ల వచ్చేవీ కావు. మనం తినే తీరు, కూర్చునే తీరు, బ్రతికే తీరు వల్ల ముదిరే జబ్బులు.

ఈ జబ్బులకూ తిండికీ ఉన్న సంబంధాన్ని ఊరూరా తిరిగి, లెక్కలు కట్టి లోకానికి చాటినవారిలో ముందు వరుసలో నిలిచిన వ్యక్తి డాక్టర్ డెనిస్ పార్సన్స్ బర్కిట్. ఆయన కన్నుమూసి ముప్పై ఏళ్ళు దాటింది. వైద్యులకు ఆయన పేరు ఒక క్యాన్సర్ పేరుగా బాగా తెలుసు. మనబోటివారికి ఆయన అవసరం మాత్రం పీచు పదార్థం దగ్గర.

ఒంటి కన్ను కుర్రవాడు

బర్కిట్ 1911 ఫిబ్రవరి 28న ఉత్తర ఐర్లండులోని ఎనిస్కిల్లెన్ పట్టణం దగ్గర పుట్టారు. తండ్రి ఆ జిల్లాకు ఇంజనీరు. రోడ్లు, వంతెనలు చూసే ఉద్యోగం. మన జిల్లా పరిషత్ ఇంజనీరు లాంటి హోదా అనుకోండి. ఆ తండ్రికి ఒక అలవాటు ఉండేది. తీరిక దొరికినప్పుడల్లా రాబిన్ పిట్టలను పట్టి, కాళ్ళకు చిన్న కడియాలు తొడిగి వదిలేవారు. ఏ పిట్ట ఏ చెట్టు చుట్టూ తిరుగుతోంది, దాని హద్దు ఎంతవరకు అన్నది పటం గీసి పెట్టుకునేవారు. పక్షిశాస్త్రంలో ఆ పని తర్వాత పేరు తెచ్చుకుంది. ఏది ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని పటం మీద గుర్తు పెట్టుకోవడం కొడుకు తండ్రి దగ్గరే నేర్చుకున్నాడని అనిపిస్తుంది.

పదకొండో ఏట ఒక ప్రమాదంలో బర్కిట్ కుడి కన్ను పోయింది. ఆ తర్వాత జీవితమంతా ఒక్క కంటితోనే. 1929లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో తండ్రిలాగే ఇంజనీరు కావాలని చేరారు. దైవభక్తి ఎక్కువైన కుర్రవాడు. రోగులకు సేవ చేయడమే తన పని అని నిశ్చయించుకుని వైద్యానికి మారారు. 1935లో పట్టా పుచ్చుకున్నారు. 1938లో ఎడింబరోలో శస్త్రచికిత్సలో పెద్ద పరీక్ష పాసయ్యారు.

ఆఫ్రికాలో పనిచేయాలని దరఖాస్తు పెడితే ఒక కన్ను లేదని వలస ప్రభుత్వ సర్వీసు వారు తిరస్కరించారు. ఉద్యోగానికి వైద్య పరీక్షలో తప్పిన బాధ ఏమిటో మనలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆయన నిరాశ పడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో సైనిక వైద్య విభాగంలో చేరి కెన్యాలోనూ, సింహళంలోనూ పనిచేశారు. యుద్ధం ముగిశాక 1946లో అదే వలస సర్వీసు ఆయనను ఉగాండాకు పంపింది. ఒంటి కంటి సర్జనుకు చివరకు ఆఫ్రికా దక్కింది.

పటం మీద జబ్బు

మొదటి పోస్టింగు ఉత్తర ఉగాండాలోని లిరా అనే చిన్న ఊరు. చుట్టుపక్కల జనానికంతటికీ ఒకే ఆసుపత్రి. అక్కడ ఆయన గమనించిన మొదటి విశేషం మన కోస్తా జిల్లాల వారికి కొత్తది కాదు. వరిబీజం ఆపరేషన్లకు వచ్చేవారు జిల్లాలో ఒక పక్క నుంచి విపరీతంగా వస్తున్నారు, మరో పక్క నుంచి దాదాపు ఎవరూ రావడం లేదు. మామూలు డాక్టరయితే వచ్చినవారికి ఆపరేషన్ చేసి పంపేవాడు. ఆయన ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అని లెక్క కట్టి పటం గీశారు. దోమల ద్వారా వచ్చే ఫైలేరియా ఉన్నచోటే ఆ జబ్బు ఉందని తేలింది.

1948లో రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రికి బదిలీ అయ్యారు. 1957లో అక్కడి సీనియర్ డాక్టరు హ్యూ ట్రోవెల్ తన వార్డులోని ఒక పిల్లవాడిని చూడమని పిలిచారు. ఆ బిడ్డకు పై దవడ, కింది దవడ, రెండు పక్కలా గడ్డలు. కొద్ది వారాల తర్వాత మరో ఊరి ఆసుపత్రిలో అలాంటి బిడ్డే మరొకరు కనబడ్డారు. పాత రికార్డులు తిరగేస్తే ఇంకా ఎందరో. 1958లో ఆయన ఆ వ్యాధిని వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు.

ఈ జబ్బు ఆఫ్రికాలో ఎంతవరకు ఉంది, ఎక్కడ ఆగిపోతోంది? ఈ ప్రశ్న ఆయనను కుదురుగా కూర్చోనివ్వలేదు. 1961లో 250 పౌండ్లు పెట్టి ఒక పాత ఫోర్డు కారు కొన్నారు. టెడ్ విలియమ్స్, క్లిఫ్ నెల్సన్ అనే ఇద్దరు మిషనరీ డాక్టర్లను వెంటబెట్టుకుని దక్షిణంగా బయలుదేరారు. పది వారాలు, పదివేల మైళ్ళు, సుమారు అరవై ఆసుపత్రులు. ప్రతిచోటా ఫోటోలు చూపించి ఇలాంటి పిల్లలను చూశారా అని అడగడమే పని. చూశామన్నచోట ఒక గుర్తు, చూడలేదన్నచోట ఒక గుర్తు. తిరిగి వచ్చి చూస్తే ఆ జబ్బు వేడి, వాన రెండూ ఎక్కువగా ఉన్న పల్లపు ప్రాంతాలకే పరిమితమని తేలింది. ఎత్తయిన చల్లని కొండ ప్రాంతాల్లో అది లేదు. అదే ఏడాది లండనులో ఆయన ఉపన్యాసం విన్న ఎప్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గడ్డల మీద పరిశోధన మొదలుపెట్టి, 1964లో తన సహచరులతో కలిసి మనిషిలో క్యాన్సరుకు సంబంధించిన మొట్టమొదటి వైరసును కనుగొన్నారు.

ఇక్కడ తెలుగువారు గర్వపడే సంగతి ఒకటి ఉంది. ఆ గడ్డలకు కత్తి పనికిరాదని తెలిసి బర్కిట్ మందులు వాడిచూశారు. ముందుగా వాడిన మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లే ప్రయోగశాలలో తయారైన మందు అది. చావు తప్పదనుకున్న పిల్లల్లో కొందరికి గడ్డలు కరిగిపోయి, బ్రతికి బట్టకట్టారు.

హాజరుపట్టీలో ఎవరు లేరు?

ఇంతటితో ఆగిపోయినా ఆయన పేరు చరిత్రలో నిలిచేది. 1966లో ఉగాండా వదిలి ఇంగ్లండు చేరి అక్కడి వైద్య పరిశోధన మండలిలో ఉద్యోగంలో ఉండగా ఆయనకు క్లీవ్ అనే వ్యక్తి పరిచయమయ్యారు. క్లీవ్ రాజనౌకాదళంలో డాక్టరుగా చేసి రిటైరయిన కెప్టెన్. యుద్ధకాలంలో తమ ఓడలోని నావికులకు మలబద్ధకం పట్టుకుంటే మందులకు బదులు గోధుమ తవుడు బస్తాలు తెప్పించి తినిపించినవాడు. పంచదార, పొట్టు తీసిన తెల్లపిండి పెరిగినచోటల్లా షుగరు, గుండెజబ్బు, పళ్ళు పుచ్చడం, మలబద్ధకం పెరుగుతున్నాయని ఆయన పుస్తకం వ్రాస్తే డాక్టర్లు పెద్దగా పట్టించుకోలేదు.

బర్కిట్ పట్టించుకున్నారు. ఎందుకంటే ఆ మాటలు వినగానే ఆయనకు తన ఇరవై ఏళ్ళ ఉగాండా అనుభవం గుర్తుకు వచ్చింది. అక్కడ ఇన్నేళ్ళు సర్జనుగా ఉండి తాను కోసిన అపెండిక్సులు ఎన్ని? పల్లెవాసుల్లో పిత్తాశయంలో రాళ్ళు ఎందరికి? గుండెపోటుతో వచ్చినవారు ఎందరు? లావెక్కినవారు, షుగరు ఉన్నవారు ఎందరు? దాదాపు లేరు. ఇంగ్లండులో ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఆ జబ్బులతోనే మంచాలు నిండి ఉన్నాయి.

మనం ఆఫీసులో హాజరుపట్టీ తెరిస్తే ఎవరు వచ్చారన్నదే కాదు, ఎవరు రాలేదన్నది కూడా అందులోనే తెలుస్తుంది. వచ్చిన రోగాన్ని చూడటం ప్రతి డాక్టరూ చేస్తాడు. రాని రోగాన్ని చూడటం బర్కిట్ చేశారు. ఆఫ్రికాలోనూ, ఇతర దేశాల్లోనూ ఉన్న వందకు పైగా మిషన్ ఆసుపత్రులకు ఉత్తరాలు వ్రాసి, ప్రతి నెలా ఏ జబ్బు ఎంతమందిలో కనబడిందో ఫారాల మీద నింపి పంపమని కోరారు. జవాబులు అన్నీ ఒకేలా వచ్చాయి. పల్లెల్లో ఆ జబ్బులు అరుదు.

ఇది జాతి లక్షణమేమో అన్నారు కొందరు. ఆయన దానికి జవాబు సిద్ధం చేసుకున్నారు. అమెరికాలో తరాలుగా ఉంటున్న నల్లజాతివారికి తెల్లవారికి వచ్చే జబ్బులే వస్తున్నాయి. రక్తం ఒకటే, మారింది బ్రతుకుతీరు. పైగా ఈ జబ్బులన్నీ ఒకే మనుషుల్లో, ఒకే దేశాల్లో జట్టుగా కనబడుతున్నాయి. జట్టుగా వచ్చే జబ్బులకు ఉమ్మడి కారణం ఉండాలి కదా అని 1969 నుంచి వరుసగా వ్యాసాలు వ్రాశారు.

సభలో చెప్పుకోని మాట

తర్వాత ఆయన చేసిన పని గురించి వ్రాయడానికి కాస్త మొహమాటంగా ఉంది. కాని మన వయసులో ఉదయం లేవగానే అందరికీ ఉండే చింత అదే కాబట్టి వ్రాస్తున్నాను. వాకర్ అనే దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు, పెయింటర్ అనే ఇంగ్లండు సర్జనుతో కలిసి ఆయన వెయ్యికి పైగా మనుషుల చేత ఎక్స్‌రేలో కనబడే చిన్న ప్లాస్టిక్ గింజలు మింగించారు. అవి ఎన్ని గంటలకు బయటపడతాయో, మలం ఎంత బరువు ఉంటుందో తూచారు. తెల్లపిండి రొట్టె, పంచదార, మాంసం తినే ఇంగ్లండువారి కడుపులో తిన్నది బయటపడటానికి సుమారు మూడు రోజులు. పీచు నిండిన ముతక తిండి తినే ఆఫ్రికా పల్లెవారికి సుమారు ఒకటిన్నర రోజు. పల్లెవారి మలం బరువు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఈ ఫలితాలు 1972లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో వచ్చాయి. అదే ఏడాది ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు.

పెద్ద పెద్ద వైద్యుల సభల్లో కూడా ఆయన సంకోచం లేకుండా ఈ విషయమే మాట్లాడేవారు. మలం చిన్నదయిన దేశంలో ఆసుపత్రులు పెద్దవి కావలసి వస్తాయని నవ్వించేవారు. ముందు నవ్వినవారే తర్వాత తమ ఇంట్లో రొట్టె మార్చుకున్నారు.

ఆ సభల్లో ఆయన చూపించే బొమ్మ ఒకటి బాగా పేరు తెచ్చుకుంది. ఒక గదిలో కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. తొట్టి నిండి నీళ్ళు నేల మీదికి పొర్లుతున్నాయి. ఇద్దరు మనుషులు వంగి ఎంతో శ్రద్ధగా నేల తుడుస్తున్నారు. కుళాయి వంక ఎవరూ చూడటం లేదు. తుడిచేవారు డాక్టర్లు, ఆసుపత్రులు, మందుల కంపెనీలు. కుళాయి మన తిండి, మన అలవాట్లు. తానే ఒక సర్జను అయి ఉండి, జీవితమంతా నేల తుడవడంలో ఆరితేరి ఉండి, ముందు కుళాయి కట్టండని చెప్పడంలోనే ఆయన పెద్దరికం ఉంది.

ఆయన 1976లో పదవీ విరమణ చేశారు. మనం ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆహారంలో పీచును మరవకండని సామాన్యుల కోసం వ్రాసిన పుస్తకం 1979లో, అంటే ఆయనకు 68 ఏళ్ళ వయసులో వచ్చింది. పాశ్చాత్య దేశాల జబ్బుల మీద ట్రోవెల్‌తో కలిసి తెచ్చిన పెద్ద గ్రంథం 1981లో వచ్చింది. దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చింది కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే. 1993 మార్చి 23న, 82 ఏళ్ళ వయసులో గ్లాస్టర్‌లో కన్నుమూశారు.

ఎంతవరకు నిజమైంది?

మనిషి గొప్పవాడైనంత మాత్రాన చెప్పిందంతా వేదం కానక్కరలేదు. ఆయన చెప్పినవాటిలో కొన్ని తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు. పల్లె ఆఫ్రికాలో మనుషులు చిన్న వయసులోనే చనిపోయేవారనీ, ముసలితనపు జబ్బులు కనబడకపోవడానికి అదీ ఒక కారణమనీ విమర్శకులు అన్నారు. పెద్దప్రేగులో పడే చిన్న తిత్తులకు పీచు లేకపోవడమే కారణమన్నారు ఆయన. 2012లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో అలా కనబడలేదు. 2000లో వెలువడిన రెండు పెద్ద ప్రయోగాల్లో గోధుమ తవుడు, పీచు ఎక్కువగా ఉన్న భోజనం పెద్దప్రేగులో తిరిగి పుట్టే పిలకలను ఆపలేకపోయాయి. అన్ని జబ్బులకూ పీచు ఒక్కటే తాళంచెవి అనడం అతిశయోక్తి అని తేలింది. పంచదార, ఉప్పు, కొవ్వు, పొగాకు, కదలిక లేకపోవడం, ఇవన్నీ కలిసే ఆ కుళాయి.

కాని అసలు మాట నిలిచింది. 2019లో లాన్సెట్ పత్రికలోనే 185 దీర్ఘకాల పరిశీలనలనూ, 58 ప్రయోగాలనూ కలిపి చూసిన సమీక్ష వచ్చింది. పీచు బాగా తినేవారిలో, తక్కువ తినేవారితో పోలిస్తే, మరణాలు, గుండెజబ్బు, మధుమేహం, పెద్దప్రేగు క్యాన్సరు 15 నుంచి 30 శాతం వరకు తక్కువగా కనబడ్డాయి. రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు దగ్గర మేలు బాగా కనబడుతుందని తేల్చారు. పీచు ఎలా పనిచేస్తుందన్నది కూడా ఇప్పుడు చాలావరకు తెలిసింది. అది అన్నంలోని చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా దూకకుండా నెమ్మదిగా వదులుతుంది. కొన్ని రకాల పీచు కొలెస్టరాలును తగ్గిస్తుంది. మిగిలినదాన్ని పెద్దప్రేగులోని మేలుచేసే సూక్ష్మజీవులు పులియబెట్టి, ప్రేగు గోడకు బలమిచ్చే ఆమ్లాలుగా మారుస్తాయి.

తవుడు గేదెకు, తెల్ల బియ్యం మనకు

ఇదంతా చదువుతున్నప్పుడు నాకు ఆఫ్రికా కన్నా మా ఊరే ఎక్కువ గుర్తుకు వచ్చింది. నా చిన్నతనంలో మా నాయనమ్మ రోకటి పోటు వేయించిన దంపుడు బియ్యమే వండేది. ఊళ్ళోకి రైసుమిల్లు వచ్చాక మల్లెపూవు లాంటి అన్నం మర్యాదకు గుర్తు అయిపోయింది. తవుడంతా గేదె కుడితిలోకి పోయింది. గేదె బలంగానే ఉంది. మనమే ఇలా అయ్యాం.

రాయలసీమలో రాగి సంకటి, తెలంగాణలో జొన్న రొట్టె, గటక, ఉత్తరాంధ్రలో చోడంబలి, ఇవన్నీ పేదవాడి తిండి అనుకుని వదిలేశాం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎన్నో ఇళ్ళలో ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని తప్పు పట్టకూడదు. కాని తెల్ల బియ్యం అన్ని పళ్ళాల్లోకీ చేరిన కొద్దీ జొన్న, రాగి పక్కకు జరిగిపోయాయన్నది కూడా నిజం.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన అందరి ఆస్తి. 1958లో కూనూరు నుంచి మన హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. వారు 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 2.8 గ్రాములు. మైదాలోనూ దాదాపు అంతే. ముడిబియ్యంలో 4.4, జొన్నల్లో 10.2, రాగుల్లో 11.2, పొట్టుతో ఉన్న గోధుమపిండిలో 11.4 గ్రాములు. కందిపప్పులో 9, పొట్టు తీయని శనగల్లో 25 గ్రాములు. జామపండులో 8.6. పైన చెప్పిన 25 గ్రాముల లెక్కను తెల్లన్నంతో పూర్తి చేయాలంటే దాదాపు కిలో బియ్యం వండుకోవాలి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, ఒక జామకాయ ఉంటే మధ్యాహ్నానికే చాలావరకు పూర్తవుతుంది. ఆ సంస్థే 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు ఉండాలంది. మన పళ్ళెంలో కూర ఎంత, అన్నం ఎంత అని ఈ రోజే చూసుకోండి.

నాకు షుగరు ఉందని 57వ ఏట తెలిసింది. మా ఇంటావిడ రెండు పూటల అన్నాన్ని ఒక పూటకు తగ్గించి, రాత్రికి జొన్న రొట్టె, కూర మొదలుపెట్టింది. మొదట్లో అది గొంతు దిగేది కాదు. నెల తిరిగేసరికి అలవాటయింది. మాత్ర మానలేదు, డాక్టరు గారు మానమనలేదు కూడా. కాని ఇన్నేళ్ళలో మోతాదు పెంచవలసిన అవసరం రాలేదు. నా ఒక్కడి అనుభవం శాస్త్రం కాదని నాకు తెలుసు. ఉన్న మాట చెప్పాను.

ఈ వయసులో ఇంకేం లాభం?

ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. మన మిత్రుల్లో చాలామంది, జబ్బు వచ్చేసింది కదా, ఇక నోరు కట్టుకుని ఏం లాభం అంటుంటారు. నేల ఇప్పటికే తడిసిపోయింది, ఇప్పుడు కుళాయి కడితే ఎంత, కట్టకపోతే ఎంత అని వారి వాదం. దీనికి రెండు జవాబులు ఉన్నాయి.

అమెరికాలో షుగరు గుమ్మంలో ఉన్న 3,234 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. తిండి సరిచేసుకుని, కొంచెం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడిచినవారిలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. అరవై దాటినవారిలో అది 71 శాతం. అంటే కుర్రవారికన్నా పెద్దవారికే ఎక్కువ మేలు జరిగింది.

రెండోది బర్కిట్ ఆత్మ సంతోషించే ప్రయోగం. 2015లో ఓకీఫ్ అనే వైద్యుడి బృందం ఇరవై మంది అమెరికా నల్లజాతివారినీ, ఇరవై మంది దక్షిణాఫ్రికా పల్లెవారినీ తీసుకుని రెండు వారాల పాటు తిళ్ళు మార్పించింది. అమెరికావారికి పీచు నిండిన పల్లె తిండి, పల్లెవారికి మాంసం, కొవ్వు ఎక్కువైన అమెరికా తిండి. వారంతా 50 నుంచి 65 ఏళ్ళవారు, అంటే మన ఈడువారు. రెండు వారాలకే అమెరికావారి పెద్దప్రేగులో వాపు లక్షణాలు తగ్గాయి. పల్లెవారిలో చెడు మార్పులు మొదలయ్యాయి. ఏళ్ళ తరబడి పాడైన ఒళ్ళు కూడా పదిహేను రోజుల్లో తిండి మాట వింటుందన్న మాట.

అయితే కుళాయి కట్టమన్నారు కదా అని తుడవడం మానకూడదు. మనబోటివారికి రెండూ కావాలి. అందుకే కొన్ని జాగ్రత్తలు.

1. తిండి మారింది కదా అని డాక్టరును అడగకుండా షుగరు, బి.పి. మాత్రలు ఆపవద్దు. ఇన్సులిన్ తీసుకునేవారు అన్నం తగ్గించేముందు తప్పకుండా చెప్పాలి. లేకపోతే షుగరు పడిపోవచ్చు.

2. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. వారం వారం కొద్దిగా పెంచాలి, నీళ్ళు బాగా త్రాగాలి. గుండె, మూత్రపిండాల జబ్బువల్ల నీళ్ళకు కొలత పెట్టినవారు ఆ కొలత దాటకూడదు.

3. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పండ్లు, ఆకుకూరలు, పప్పుల విషయంలో డాక్టరు చెప్పినట్లే నడవాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవారు ఆకుకూరలు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ తినకూడదు.

4. పళ్ళు లేనివారు రొట్టెతో కుస్తీ పట్టనక్కరలేదు. రాగి జావ, జొన్న సంకటి, మెత్తగా ఉడికిన పప్పుకూర ఉన్నాయి.

5. ఆవకాయ మన ప్రాణం. కాని ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఊరగాయ, అప్పడం, వడియం ఒకే పూట పళ్ళెంలోకి రాకుండా చూసుకుంటే చాలు.

మన కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. ఇంట్లో పెద్దాయనకు ఒక వంట, మిగిలినవారికి మరో వంట అని విడదీయకండి. షుగరు ఉన్నవారికి మంచిదైన తిండి, రాకూడదనుకునేవారికి ఇంకా మంచిది. పిల్లలకు మనం కమ్యుటేషన్ డబ్బు ఇవ్వగలిగినా ఇవ్వలేకపోయినా, వారి ఇంట్లో కుళాయి ఎక్కడుందో చూపించి వెళ్ళగలం.

బర్కిట్ గారు కనిపెట్టిన మందు ఏదీ లేదు. ఆయన చెప్పినదానికి బిల్లు పెట్టనక్కరలేదు, మంజూరు కోసం నెలలు ఎదురుచూడనక్కరలేదు. రేపు ఉదయం ఇంటి దగ్గరి కూరగాయల బండి దగ్గర ఒక కట్ట తోటకూర ఎక్కువ తీసుకోండి. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

అందరికీ ఆయురారోగ్యాలు కోరుతూ, సెలవు.